ఎవరి తాళంచెవి వారి దగ్గర

చనిపోయాడని మా పత్రిక చెప్పిన మనిషి ఒక ఉదయం ఎనిమిదిన్నరకు ఆఫీసుకు ఫోన్ చేశాడు. ఎత్తింది నేనే.

"ఎవలయ్యా మాట్లాడేది? నేను సచ్చిపోయినోన్ని మాట్లాడుతున్న" అన్నాడు.

మిర్యాలగూడలో బియ్యం మిల్లు నడిపే పెద్దమనిషి. ఆయన గొంతు నాకు తెలుసు. "ఇడ్లీ తింటున్న. వాకిట్ల ఇద్దరు దండలు వట్టుకొని నిలవడ్డరు. లోపలికి పిలిచి వాళ్లకు గూడ ఇడ్లీ పెట్టాల్నా, దండలు ఏస్కొని పంపాల్నా, జర మీరే చెప్పున్రి."

మా వెబ్‌సైటు తెరిచి చూశాను. మొదటి వార్తే అది. ఆయన ఫొటో, చుట్టూ నల్ల గీత, కింద అశ్రునివాళి. పైన మా పత్రిక పేరు, రోజూ ఉండే చోటే, రోజూ ఉండే అక్షరాల్లోనే. ఎవరో పొద్దున్నే పెట్టారు. ఆ లింకు మూడు పట్టణాల ఫోన్ గ్రూపులన్నీ తిరిగి, చివరికి చనిపోయిన మనిషి ఫోన్‌లోకే చేరింది. మాకు ఆయన చెబితే తెలిసింది.

ముప్పై ఏళ్లు ఒక పెద్ద దినపత్రిక డెస్కులో పనిచేశాను. చావు వార్త వస్తే ఇద్దరు వేర్వేరు మనుషుల నోట విన్నాకే పేజీలో పెట్టాలన్నది మాకు మొదటి వారంలో నేర్పిన సంగతి. పదవీ విరమణ తర్వాత సూర్యాపేటలో ఈ చిన్న సాయంకాల పత్రికకు వచ్చాను. నాలుగు పేజీలు. పన్నెండున్నరకు పేజీలు ముగుస్తాయి, నాలుగింటికల్లా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బస్టాండ్లలో పేపరు ఉంటుంది. పత్రిక యజమానే ఎడిటర్. కోదాడలో ఒక రిపోర్టరు, మిర్యాలగూడలో ఒక రిపోర్టరు. ఆఫీసులో నేను, పేజీలు పెట్టే ఆపరేటర్ అమ్మాయి. అంతే మా బలగం.

ఈ జ్ఞాపకం ఆ అమ్మాయి గురించే.

ఆమెది ఆత్మకూర్ (ఎస్) దగ్గర తండా. ఇంట్లో లంబాడీ, ఆఫీసులో తెలుగు. ఫోన్‌లో తల్లితో మాట్లాడుతూ మాట్లాడుతూ, పేజీ మీద నుంచి చూపు తిప్పకుండానే, "సార్, హెడ్డింగ్‌ల ఒక అక్షరం మింగింది" అని నాతో అనగలదు. ఆమె పెట్టిన పేజీలో వార్తలు ఒకదాన్నొకటి తోసుకోవు. పెద్ద పత్రికలో పాతికమంది ఆపరేటర్లను చూసిన నేను ఈ మాట ఊరికే అనడం లేదు. ఆ తండాలో ఆమె తర్వాత ముగ్గురు ఆడపిల్లలు సూర్యాపేటకు వచ్చి కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. తల్లిదండ్రులు వాళ్లను బస్సెక్కించేటప్పుడు చూపేది ఈమెనే.

వెబ్‌సైటులో వార్తలు ఎక్కించేది కూడా ఈమె. దానికి ఒకటే లాగిన్, ఒకటే పాస్‌వర్డ్. అందరం అదే వాడేవాళ్లం. కాబట్టి ఎవరు ఏం పెట్టినా కింద కనిపించేది పత్రిక పేరే. రిపోర్టర్లు ఫొటోలు పంపే మెయిల్, పేజీలు ప్రెస్సుకు పంపే సైటు, ప్రకటనల సైటు, కరెంటు బిల్లు సైటు, వీటన్నిటి పాస్‌వర్డులూ ఆమెకే నోటికి వచ్చు. రోజుకు పదిసార్లు ఫోన్ మోగేది. "చెల్లే, మెయిల్ తెరుస్తలేదు, పాస్‌వర్డ్ ఏంది?" అని మిర్యాలగూడ. "అమ్మాయ్, నిన్న చెప్పావు కదా, మళ్ళీ మర్చిపోయానమ్మా" అని కోదాడ. ఈ గోల పడలేక ఎడిటరే ఒకరోజు, అన్నీ పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసి కంప్యూటర్ గది గోడకు అంటించమన్నాడు. ఫోన్ ఎవరెత్తినా చూసి చెప్పేయొచ్చని. ఆమె మార్కర్ పెన్నుతో గుండ్రంగా, ముచ్చటగా రాసి అంటించింది. లోపల ఉన్న ఆ గదిలోకి బయటివాళ్లు రారు కదా అనుకున్నాం.

మిల్లు యజమాని ఫోన్ వచ్చిన రోజు ఎడిటర్ పదింటికి వచ్చాడు. అప్పటికే ఆ పోస్టు తీసేశాం, సవరణ పెట్టాం. అప్పుడు ఆయన నా పక్కకు కుర్చీ లాక్కొని గొంతు తగ్గించి, "అన్నా, లోపలి గదిలకు వచ్చేది మనమే. సైటుల పెట్టేది ఆమెనే. మొన్న ఆదివారం సెలవు అడిగితే నేను ఇయ్యలే. కోపంల ఏమన్న..." అని ఆగాడు.

"ఆమె అట్లాంటిది కాదు" అన్నాను.

"మరి ఎవలు?"

జవాబు లేకపోవడమే ఆమె మీదకు వచ్చింది. మిర్యాలగూడ రిపోర్టరు ఫోన్‌లో ఎడిటర్‌తో "ఇగ ఆమెనే అయ్యుంటది సార్, వేరేటోళ్లకు ఆ తీరుగ నల్ల గీత కొట్టొస్తదా?" అన్నాడు. స్పీకర్ పెట్టి ఉంది. ఆమె విన్నది. ఆ మధ్యాహ్నం నుంచి సైటులో వార్తలు పెట్టే పని ఎడిటర్ తనే తీసుకున్నాడు. కారణం చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా.

పోలీసుల దాకా వెళ్లలేదు కానీ, మా వూళ్లలో ఒక మాట పుట్టడానికి పోలీసులు అవసరం లేదు. సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో డీటీపీ షాపులవాళ్లంతా ఒకరికొకరు తెలిసినవాళ్లే. బతికున్న మనిషికి దండ వేయించిన అమ్మాయి అంటే ఇక ఏ షాపులోనూ కుర్చీ దొరకదు. ఆ ముగ్గురు ఆడపిల్లల కంప్యూటర్ చదువు కూడా అక్కడితో ఆగుతుంది.

రెండోరోజు ఆమె తండ్రి వచ్చాడు. తెల్ల పంచె, భుజం మీద తువ్వాలు. మెట్ల దగ్గరే నిలబడి పైకి రాలేదు. నేనే కిందికి వెళ్లాను.

"సారూ, మా బిడ్డ మీద మాటొచ్చిందంట."

"ఇంకా ఏమీ తేలలేదు. లోపలికి రాండి, చాయ్ తాగుదాం."

"ఒద్దు సారూ. పని పోతే పోనియ్. మాకు పొలం ఉన్నది, కూలి ఉన్నది. మాట మాత్రం ఉండొద్దు. అది చేసినట్టయితే నాకే చెప్పున్రి, నేనే తోల్కపోత. చెయ్యకుంటే మాత్రం, చెయ్యలేదని మీ సారుతోని నలుగుట్ల చెప్పియ్యాలె."

అంతే అడిగాడు. తిరిగి మాట్లాడకుండా బస్టాండ్ వైపు వెళ్లిపోయాడు.

మూడోరోజు, సైటులో ఇంకెక్కడైనా ఎవరైనా చెయ్యి పెట్టారేమోనని పాత వార్తలన్నీ ఒక్కొక్కటే వెనక్కి చూసుకుంటూ వెళ్లాను. డెస్కు మనిషికి అదొక అలవాటు, తప్పు దొరికితే దాని ఇరుగుపొరుగు కూడా చూడటం. అట్లా చూస్తూ చూస్తూ ఒక సన్మానం వార్త దగ్గర ఆగాను.

మా ఆఫీసుకు ఒక ఆచారం ఉంది. మా ప్రాంతంలో ఎవరు ఏ చిన్న విజయం సాధించినా పిలిచి శాలువా కప్పుతాం. ఎడిటర్‌కు శాలువాలంటే ప్రాణం. బీరువాలో ఎప్పుడూ నాలుగైదు ఇస్త్రీ మడతలతో ఉంటాయి. ఆ వారం నడిగూడెం నుంచి వచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలికి కప్పాం. రోజూ అయితే ముందు గదిలో, పత్రిక పేరున్న బోర్డు కింద ఫొటో తీస్తాం. ఆ రోజు ముందు గదిలో కరెంటు పోయింది. లోపలి గదికి పెద్ద కిటికీ ఉంది, వెలుతురు బాగుంది. అందుకని ఆమెను లోపలికి తీసుకువెళ్లి శాలువా కప్పి ఫొటో తీశాం.

పేపరులో ఆ ఫొటో రెండు కాలమ్‌ల వెడల్పే. ఏమీ కనిపించదు. సైటులో మాత్రం ఫొటో మీద నొక్కితే తెరంతా పరుచుకుంటుంది. నొక్కాను. శాలువా అంచులు, ఉపాధ్యాయురాలి నవ్వు, ఎడిటర్ నవ్వు. ఆ రెండు నవ్వుల మధ్యలో గోడ. గోడ మీద కాగితం. మార్కర్ పెన్నుతో గుండ్రని అక్షరాలు. నా కళ్లజోడు లేకుండానే చదవగలిగాను.

మా ఇంటి తాళంచెవిని మేమే శాలువా కప్పి ఊరేగించాం. ఆ ఫొటో ఎంపిక చేసింది, క్యాప్షన్ రాసింది నేను. క్యాప్షన్‌లో పేర్లు మూడుసార్లు సరిచూశాను. మనుషుల వెనుక ఏముందో ఒక్కసారి కూడా చూడలేదు.

ఎడిటర్‌ను పిలిచి చూపించాను. ఆయన లేచి లోపలి గదిలోకి వెళ్లి గోడ మీది కాగితాన్ని చింపి, నాలుగు ముక్కలు చేసి, జేబులో పెట్టుకున్నాడు. ఎక్కడ పారేయాలో కూడా భయం వేసినట్టుంది.

"ఈ ఫొటో ఎన్ని రోజులు ఉందన్నా సైటుల?"

"వారం."

"అంటే మిర్యాలగూడల ఎవడన్న... మిల్లాయన మీద కోపమున్నోడు..."

"మిర్యాలగూడే అక్కర్లేదు. ఫోన్ ఉన్న ఎవరైనా."

ఆ ఫొటో వెంటనే తీసేసి, సైటు పాస్‌వర్డ్ మార్చాం. ఎవరన్నది ఈ రోజుకూ తేలలేదు. ఆమే అయ్యుండాలన్న మాటకు మాత్రం ఆధారం పోయింది. ఎడిటర్ ఆమెను పిలిచి, నా ముందు, ప్రెస్సు నుంచి వచ్చిన ఇద్దరి ముందు, "అమ్మా, తప్పు మాది. నీది కాదు" అన్నాడు. సైటు పని మళ్లీ ఆమెకు ఇచ్చాడు. ఫోన్ తీసి రిపోర్టర్లిద్దరికీ అదే మాట చెప్పాడు. ఆమె తండ్రికి చెప్పమని నాకు పురమాయించాడు. పెద్దరికం ఉన్న పనే చేశాడు, ఆ మాట ఒప్పుకోవాలి. మిల్లు యజమానిని కూడా పిలిచి శాలువా కప్పాడు, ఆయుష్షు పెరిగిందని. ముందు గదిలోనే. ఆయన నవ్వుతూ, "ఎనక గోడకు ఏమన్న ఉన్నదేమో సూస్కోన్రయ్యా" అన్నాడు.

అందరికీ గండం గడిచింది. ఆమెకు తప్ప.

ఆ సాయంత్రం పేపరు వెళ్లిపోయాక నా దగ్గరకు వచ్చి కూర్చుంది. కళ్లలో సంతోషం లేదు.

"సార్, ఫొటో దొరికింది కాబట్టి నేను బతికిన. దొరక్కపోతే?"

కాగితం అంటించిన గోడ వైపు చెయ్యి చూపించింది.

"కాగితం చింపిన్రు. రేపు మళ్లా అన్నీ నా నోటికే వస్తయి. మళ్లా ఏదన్న అయితే మళ్లా నన్నే సూస్తరు. ప్రతిసారి ఫొటో దొరుకుతదా సార్? ఎవరు తెరిచిన్రో దానంతటదే తెలిసేటట్టు ఉండాలె. నన్ను నమ్మాల్సిన పని ఎవ్వలకు ఉండొద్దు."

చివరి మాట నాకు కొత్తగా వినిపించింది. నమ్మమని అడిగేవాళ్లను చూశాను. నమ్మకం అక్కర్లేని ఏర్పాటు కావాలని అడిగిన మనిషిని అప్పుడే చూశాను.

మార్గం ఆమే చూసుకుంది. కోదాడలో ఒక కాలేజీ పరీక్షల విభాగంలో ఆమె స్నేహితురాలు పనిచేస్తుంది. అక్కడ పాస్‌వర్డ్ మేనేజర్ అనే యాప్ వాడతారట. నాకు ఆమె వివరించిన తీరు ఇది. అదొక బీరువా. పాస్‌వర్డులన్నీ దాంట్లో ఉంటాయి. బీరువా తెరవడానికి ఎవరి తాళంచెవి వారికి, దాన్నే మాస్టర్ పాస్‌వర్డ్ అంటారు. అది ఇంకొకరికి తెలియాల్సిన పని లేదు. ఎవరికి ఏ అర తెరుచుకోవాలో ముందే చెప్పిపెడతాం. కోదాడాయనకు ఫొటోల మెయిల్ అవసరం, కరెంటు బిల్లు అవసరం లేదు. కొన్నిటిని పాస్‌వర్డ్ కంటికి కనిపించకుండానే వాడుకునేటట్టు ఇవ్వొచ్చు. ఎవరు ఏది ఎప్పుడు తెరిచారో అందులో నమోదవుతుంది.

పది రోజులు, పేజీలు ముగిశాక, ఆమె ఒక్కతే కూర్చొని పాత పాస్‌వర్డులన్నీ మార్చింది. యాప్ తయారుచేసే పాస్‌వర్డ్ ఎవరి నోటా పలకదు, ఎవరి తలలోనూ నిలవదు. వీలున్న సైట్లలో ఒక్కొక్కరికి వేరే లాగిన్ పెట్టింది. ఒక్క లాగినే ఇచ్చే సైట్లను బీరువాలో ఎవరి అరలో వాళ్లకు సర్దింది. అప్పుడే మా పాత పాస్‌వర్డుల చరిత్ర కూడా బయటపడింది. సగానికి పైగా ఎడిటర్ కారు నంబరే. ఆ కారు వెనుక అద్దం మీద పత్రిక పేరు అడుగు ఎత్తున రాసి ఉంటుంది. అంటే గోడ మీది కాగితం లేకపోయినా, మా పాస్‌వర్డ్ రోజూ హైవే మీద తిరుగుతూనే ఉంది.

రిపోర్టర్లకు ఫోన్‌లో చెబితే ఎక్కదని, తనే వెళ్లి పెట్టిస్తానంది. తోడు నేనూ బస్సెక్కాను.

కోదాడ రిపోర్టరు అరవై దాటినవాడు, హాస్యప్రియుడు. బైపాస్ పక్కన టీ కొట్టు బెంచీయే ఆయన ఆఫీసు. మమ్మల్ని చూడగానే, "రండి గురువు గారూ! ఏమ్మా, బీరువా తెచ్చావంట, ఏదీ, బస్సు టాపు మీద ఉందా?" అన్నాడు.

"మీ ఫోన్లోనే ఉంటది బాబాయ్. ఇంతకీ మీ పాస్‌వర్డులు ఇప్పుడు ఏడ పెట్టుకున్నరు?"

ఆయన గర్వంగా బల్ల మీది హెల్మెట్ తీసి లోపలివైపు చూపించాడు. లోపల స్పాంజి మీద తెల్ల కాగితం, దాని మీద అన్నీ రాసి, టేపు అంటించి ఉంది. "తల పోతేనే ఇవి పోయేది" అన్నాడు. ఆ హెల్మెట్ అప్పటిదాకా, మేము వచ్చేవరకూ, టీ కొట్టు బల్ల మీద బోర్లా కాకుండా వెల్లకిలా ఉంది.

ఆమె నవ్వు ఆపుకొని టేపు ఊడదీసింది. మాస్టర్ పాస్‌వర్డ్‌కు ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు మాటలు అనుకోమంది. ఆయన కళ్లు మూసుకొని ఆలోచించి, బెంచీ మీద ఉన్నవాళ్లందరికీ వినపడేట్టు, "పనసకాయ... గొడుగు... " అని మొదలుపెట్టాడు.

"బాబాయ్! బయటికి అనొద్దు."

"ఓహో. సరే, మార్చేద్దాం. ఇత్తడి... నిచ్చెన..."

"బాబాయ్!"

"మనసులో అనుకుంటే నాకు వినపడదమ్మా, ఏం చేసేది?"

టీ కొట్టతను గ్లాసులు కడుగుతూ, "ఇంకా నాలుగుసార్లు చెప్పండి, నాక్కూడా వచ్చేస్తుంది" అన్నాడు. చివరికి ఆయన లేచి రోడ్డు అవతల ఖాళీ జాగాలోకి వెళ్లి, మాకు వీపు పెట్టి నిలబడి, పది నిమిషాలు ఫోన్‌తో కుస్తీ పట్టి తిరిగి వచ్చాడు. వచ్చినవాడి ముఖంలో పరీక్ష పాసైన వెలుగు. "గురువు గారూ, ముప్పై ఏళ్లలో మా ఇంటావిడకు తెలియనిది నా దగ్గర ఇదొక్కటే" అన్నాడు.

అక్కడి నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ వెళ్లాం. బస్సులో ఆమె పెద్దగా మాట్లాడలేదు. కోదాడలో ఉన్న హుషారు తగ్గింది. ఎందుకో నాకు తెలుసు. మిర్యాలగూడ రిపోర్టరు ఫోన్‌లో అన్న మాట ఆమె విని ఉంది. ఆ మాట తర్వాత వాళ్లిద్దరూ ఎదురుపడటం అదే మొదటిసారి.

ఆయన గది ఒక ఎరువుల దుకాణం పైన. కిటికీలోంచి ఉడికిన వడ్ల వాసన వస్తూ ఉంటుంది, ఆ ఊరంతా ఉండే వాసనే. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. కుర్చీలు తుడిచాడు. మంచినీళ్లు ఇచ్చాడు. అవసరానికి మించి మర్యాద చేస్తున్నాడని ముగ్గురికీ తెలుస్తూనే ఉంది.

ఆమె పనిలోకి దిగింది. యాప్ పెట్టించింది, అరలు చూపించింది. మాస్టర్ పాస్‌వర్డ్ కొట్టాల్సిన చోటు రాగానే ఫోన్ ఆయన చేతికి ఇచ్చి, తన కుర్చీని చప్పుడయ్యేలా అటు తిప్పుకొని, కిటికీ వైపు ముఖం పెట్టి కూర్చుంది.

ఆయన ఒకసారి కొట్టాడు, కుదరలేదు. రెండోసారి కొట్టాడు, రెండూ ఒకేలా లేవని యాప్ చెప్పింది. నుదురు తుడుచుకున్నాడు. "చెల్లే, సరిగ్గ కొడుతున్ననో లేదో జర ఇటు తిరిగి సూడు."

"నేను సూడొద్దన్నా."

"మనోళ్లమే గదా, ఏమైతది?"

"సూస్తే నాకు తెలుస్తది. తెలిస్తే రేపు ఏమన్న అయినప్పుడు నన్నే అడుగుతరు."

కోపం లేదు ఆ గొంతులో. లెక్క చెప్పినట్టు చెప్పింది. కింద దుకాణంలో ఎవరో యూరియా బస్తా దించిన చప్పుడైంది. ఆయన ఫోన్ బల్ల మీద పెట్టాడు.

"ఆ రోజు నేనన్న మాట..."

"తెలుసన్నా. ముందు పాస్‌వర్డ్ కొట్టు. మాకు ఆరింటి బస్సున్నది."

మూడోసారి కుదిరింది. అయిందన్నాక గానీ ఆమె కుర్చీ ఇటు తిప్పలేదు. మేము మెట్లు దిగుతుంటే ఆయన కింది దాకా వచ్చి, బస్టాండ్‌కు ఆటో మాట్లాడి, డ్రైవర్‌తో, "మా ఆఫీసు మేడం, జాగ్రత్తగ దించు" అన్నాడు. అప్పటిదాకా ఆయన ఆమెను మేడం అనగా నేను వినలేదు. ఆమె విననట్టే ఆటో ఎక్కింది. కొంతదూరం పోయాక, "మేడమంట సార్" అని ఒక్క నిమిషం పకపకా నవ్వింది.

మిగిలింది ఎడిటర్. అన్నిటికన్నా కష్టమైన పని అదే అయింది.

"నాది నువ్వే పెట్టేసి, నీ దగ్గరే రాసిపెట్టుకో అమ్మా. నాకు యాదికుండదు" అన్నాడు.

"లేదు సార్. మీది మీకే తెలియాలె."

"నేనే చెప్తున్న కదా, నీ మీద నాకు పూర్తిగ నమ్మకం."

"నమ్మకం ఉన్నప్పుడే సార్, రాసి పెట్టుకోకపోవడం మంచిది."

ఉద్యోగం ఇచ్చిన మనిషికి, అంతకు నెల ముందే తనను అనుమానించిన మనిషికి, ఆయన కుర్చీ ఎదురుగా నిలబడి కాదని చెప్పడం చిన్న విషయం కాదు. ఆయన ముఖం కొంచెం ముడుచుకుంది. ఆమె ఒక మార్గం చూపింది. మర్చిపోతే పనికొచ్చే కాగితం ఒకటి యాప్ ఇస్తుంది. దాన్ని ఆయనే ప్రింటు తీసుకొని, కవరులో పెట్టి, అతికించి, అతుకు మీద సంతకం చేసి, ఇంట్లో ఆయన బీరువాలో దాచుకోవాలి. ఆఫీసులో ఉండకూడదు. తన దగ్గర అసలే ఉండకూడదు.

ఇరవై రోజులు తిరక్కుండానే ఆయన మర్చిపోయాడు. ఉదయం పదింటికి ఫోన్. "నిజం చెప్పమ్మా, ఏడనో ఓ మూలకన్న రాసిపెట్టుకున్నవా, లేదా?"

"లేదు సార్."

"ఒట్టు?"

"ఒట్టు సార్. కవరు తీయున్రి."

కవరు కోసం ఆయన ఇంటికి వెళ్లి వచ్చేసరికి పన్నెండు. ప్రకటనల సైటు అర ఒక్క ఆయనకే ఉండటంతో అది తెరుచుకోక ఆ రోజు మూడో పేజీలో ఒక ఖాళీని పాత వ్యవసాయ సూచనలతో నింపాం. ఆయన విసుక్కున్నాడు. కానీ నేను గమనించింది వేరే. ఆ విసుగులోనే ఆయనకు ఒక సంగతి రుజువైంది. ఈ అమ్మాయి రాసిపెట్టుకోనంటే నిజంగానే రాసిపెట్టుకోలేదు.

అన్నీ కుదురుకున్నాక ఆమె ఇంకొక పని చేసింది. దాన్నే నేను ఎక్కువ గౌరవిస్తాను. యాప్‌లో తన పేరు కింద ఉన్న అరల జాబితా తీసి, ఒక్కొక్కటీ చూస్తూ, కరెంటు బిల్లు, ఇంకొన్ని, తనకు తెరుచుకోకుండా తీసేసుకుంది. ఇన్నేళ్లూ ఈ ఆఫీసులో ఆమె లేకపోతే ఏదీ కదలదనే మాట ఆమెకున్న బలం. ఉద్యోగం చేసేవాళ్లు అట్లాంటి బలాన్ని గుప్పిట్లో దాచుకుంటారు. నేనూ దాచుకున్నవాణ్ణే. పెద్ద పత్రికలో ఉన్నప్పుడు కొందరు అధికారుల ఇంటి ఫోన్ నంబర్లు నా చిన్న పుస్తకంలో తప్ప ఇంకెక్కడా లేకుండా చూసుకున్నాను. ఆ పుస్తకం ఉన్నంతకాలం నన్ను డెస్కు మార్చరని నా ధీమా.

"ఇవన్నీ వదిలేస్తే రేపు నీ అవసరం లేదంటారేమో, ఆలోచించావా?" అని అడిగాను.

"పేజీ పెట్టొస్తది కదా సార్ నాకు" అంది. "అది సాలదంటే ఇగ పాస్‌వర్డులతోని ఎన్ని రోజులు ఉంట?"

ఆ తర్వాత ఒకసారి పెద్దవూరలో చుట్టాల పెళ్లికి మూడు రోజులు సెలవు పెట్టి వెళ్లింది. ఎడిటర్ మాట్లాడకుండా ఇచ్చాడు. ప్రెస్సులో పనిచేసే ఒకతను వచ్చి పేజీలు పెట్టాడు. పేజీలు ఆమె పెట్టినట్టు లేవు, అది వేరే సంగతి. కానీ పాస్‌వర్డ్ కోసం ఆమెకు ఒక్క ఫోన్ కూడా వెళ్లలేదు. తిరిగి వచ్చిన రోజు, "ఒక్కసారన్న చేస్తరనుకున్న సార్, ఫోన్ చేతుల్నే పట్టుకొని తిరిగిన" అని నవ్వింది.

ఈ మధ్య ఒక వానాకాలపు ఉదయం, పేజీలు ముగిసే వేళ, ఎడిటర్ మెట్ల మీద నుంచే గట్టిగా అరుచుకుంటూ వచ్చాడు. సైటులో వానలకు దెబ్బతిన్న ఒక ఊరి చేల ఫొటో పెట్టి, కింద ఇంకో ఊరి పేరు రాశారు. ఆ ఊరివాళ్లు ఫోన్ల మీద ఫోన్లు. "ఎవలు పెట్టిన్రు? సూసుకోరా? ఎవలు పెట్టిన్రు గిది?"

గదిలో ఉన్నది నేను, ఆమె. ఆయన లోపలికి వచ్చి, ఆమె కుర్చీ వైపు ఒక అడుగు వేసి, ఆగాడు. జేబులోంచి ఫోన్ తీశాడు. కళ్లజోడు పెట్టుకున్నాడు. తన నాలుగు మాటలు కొట్టుకొని బీరువా తెరిచాడు. వేలితో పైకి కిందికి జరిపాడు.

ఆమె ఆ సేపంతా తెర మీద నుంచి కళ్లు తిప్పలేదు. ఆ పాత రోజుల్లో ఆయన గొంతు లేస్తే ఆమె చెయ్యి మౌస్ మీద ఆగిపోయేది. ఇప్పుడు మౌస్ తన దారిన తాను కదులుతూనే ఉంది.

"అన్నా" అన్నాడు ఎడిటర్, కొంచెంసేపటికి. గొంతు తగ్గింది. "పొద్దుగాల ఏడున్నరకు. నేనే."

"సరిచేద్దాం" అన్నాను.

"నేనే చేస్త" అని ఆయన ముందు గదిలోకి వెళ్లాడు.

ఆమె నా వైపు తిరిగింది.

"సార్, రెండో పేజీల నాలుగు లైన్లు ఎక్కువున్నయి. ఏది కొయ్యాలె?"

మార్కెట్ యార్డు వార్త చివరి పేరా తీసేయమన్నాను. తీసేసింది. పేజీ సరిపోయింది.